విన్నదొకరు, తేల్చిందొకరు

ప్రభుత్వ ఉత్తర్వు మీద హైకోర్టు స్టే ఇచ్చిన ప్రతిసారీ ఒకే మాట వినిపిస్తుంది: ‘ప్రజలు ఓట్లేసి గెలిపించింది మమ్మల్ని, జడ్జీలను కాదు కదా?’ కొట్టిపారేయదగ్గ ప్రశ్న కాదిది. దీనికి జవాబు మన కృష్ణా జిల్లా బస్సుల తగాదాలోనే దొరుకుతుంది. కోర్టుకెక్కిన బస్సు యజమాని గుళ్లపల్లి నాగేశ్వరరావు పేరు మీద లాయర్లు దాన్ని గుళ్లపల్లి కేసంటారు.

ఆంధ్రప్రదేశ్ ఆర్టీసీ 1958లో ఏర్పడింది. జిల్లాలో కొన్ని రూట్లను ప్రైవేటు బస్సుల నుంచి సంస్థకు అప్పగించే స్కీము తయారైంది. అభ్యంతరాలుంటే చెప్పమన్నారు. ఏళ్ల తరబడి బస్సులు తిప్పుతున్న యజమానులు తమ గోడు చెప్పుకున్నారు. విన్నది రవాణా వ్యవహారాలు చూసే హోం శాఖ కార్యదర్శి. స్కీమును ఖాయం చేసింది ముఖ్యమంత్రి. ఆయన ముందుకు ఫైలు వెళ్లింది, మనుషులు వెళ్లలేదు. ఎదుటివాళ్లకు అనుమానం ఉందని ముఖం చూసి కనిపెడితే ఇంకో కాగితం తీసి చూపిస్తాం, ఇంకో మాట చెబుతాం. ఫైలుతో అది కుదరదు.

1958 నవంబరులో సుప్రీంకోర్టు 3-2 మెజారిటీతో స్కీమును కొట్టేసింది. తీర్పు రాసింది మన తెలుగు న్యాయమూర్తి కోకా సుబ్బారావు. తగాదాలో ఒక పక్షమైన శాఖకు పెద్దగా ఉన్నవారే విచారణ జరపకూడదని, ఒకరు విని మరొకరు తేలిస్తే ఆ వినడం ఉత్త తంతేనని అందులో చెప్పారు.

బస్సులు ఎవరు నడపాలో మాత్రం కోర్టు చెప్పలేదు. అది ఎన్నికైనవాళ్ల పని. వాళ్లకు అధికారం ఇచ్చింది ఓటే. దానికి హద్దులు గీసిన రాజ్యాంగాన్ని కూడా ప్రజల పేరుతోనే రాసుకున్నాం. హద్దు దాటారో లేదో దాటినవాళ్లనే తేల్చమంటే ఎలా? ఊళ్లో గట్టు తగాదా వస్తే ఆ ఇద్దరిలో ఒకరిని పెద్దమనిషిగా కూర్చోబెట్టం. పైగా గుప్పెడుమంది బస్సు యజమానులు ఓట్లతో ఏ ప్రభుత్వాన్నీ దించలేరు. అలాంటివాళ్లు తట్టడానికి ఒక తలుపు ఉండాలనే రాజ్యాంగంలో సుప్రీంకోర్టుకు వెళ్లడానికి 32, హైకోర్టుకు వెళ్లడానికి 226 అధికరణాలు పెట్టారు.

కోర్టులు ఎప్పుడూ హద్దు మీరవని మేము అనడం లేదు. విధానం మంచిదా చెడ్డదా అని తేల్చడానికే దిగితే మేమూ తప్పుపడతాం. గుళ్లపల్లి కేసులో ఆ తప్పు జరగలేదు. తీర్పు వచ్చాక ముఖ్యమంత్రి తానే కూర్చుని అభ్యంతరాలు విన్నారు, స్కీమును మళ్లీ ఖాయం చేశారు. యజమానులు మళ్లీ సుప్రీంకోర్టు గడప తొక్కారు. 1959లో అదే కోర్టు వాళ్ల వాదనను తోసిపుచ్చింది.