ఎల్రిక్ సోదరుల ఆస్తి పంపకం

పొలం గట్టు తగాదా వస్తే కొలవడానికి సర్వేయరున్నాడు, గొలుసుంది, ఎఫ్‌ఎంబీ పటం ఉంది. అనిమే (జపాన్ కార్టూన్ సీరియల్) తగాదాకు ఇవేవీ లేవు. అందుకే 2009లో మొదలైన ఒక దావా ఇప్పటికీ తెగలేదు. చనిపోయిన అమ్మను రసవిద్యతో తిరిగి తేబోయి చేతులు కాల్చుకున్న ఎల్రిక్ అన్నదమ్ములు ఎడ్వర్డ్, ఆల్ఫాన్స్‌ల కథ ‘ఫుల్‌మెటల్ ఆల్కెమిస్ట్’. అందులో పాతది గొప్పదా, ‘బ్రదర్‌హుడ్’ పేరుతో మళ్లీ తీసింది గొప్పదా? పెద్దమనుషులెవరూ ముందుకు రావడం లేదు కాబట్టి, ప్రజాహితం కోరి ఈ వ్యాసమే ఆ బాధ్యత నెత్తినేసుకుంటోంది. విచారణలో చావులు, తల్లులు, హోమంక్యులస్‌ల (రసవిద్యతో పుట్టిన కృత్రిమ మనుషుల) గుట్లు బయటపడతాయి. రెండూ చూడనివాళ్లు బయట అరుగు మీద కూర్చోవచ్చు.

ముందు వాది ప్రతివాదుల వివరాలు. పెద్దవాడు, అంటే పాత సిరీస్, 2003 అక్టోబరు 4న తెరమీదికొచ్చాడు. 51 ఎపిసోడ్లు, దర్శకుడు సెయిజీ మిజుషిమా, రచన షో ఐకావా. చిన్నవాడు, అంటే బ్రదర్‌హుడ్, 2009 ఏప్రిల్ 5న వచ్చాడు. 64 ఎపిసోడ్లు, దర్శకుడు యసుహిరో ఇరియె, రచన హిరోషి ఓనోగి. ఇద్దరూ బోన్స్ స్టూడియోలోనే పుట్టారు. ఎడ్వర్డ్‌కు రోమీ పార్క్, ఆల్ఫాన్స్‌కు రియె కుగిమియా, రెండిట్లోనూ అవే గొంతులు. తల్లి ఆస్తి మాత్రం ఒక్కటే: హిరోము అరకావా మాంగా (జపాన్ బొమ్మల కథ), 2001 నుంచి 2010 దాకా నడిచి 27 సంపుటాలైంది.

తగాదా మూలం ఇక్కడే ఉంది. పెద్దవాడు వేరు కాపురం పెట్టేనాటికి ఆ తల్లి వీలునామా రాయడం మొదలుపెట్టి రెండేళ్లు దాటిందంతే. ఎవరికేం రాసిందో, అసలు విలన్ ఎవరో కాగితం మీదికి రాలేదు. ఉన్నంతవరకు అనుసరించి, ఆపైన సొంత కష్టం మీద ఇల్లు లేపాడు. చిన్నవాడి జాతకం వేరు. మాంగా చివరి అధ్యాయం 2010 జూన్ 11న పత్రికలో అచ్చయింది, బ్రదర్‌హుడ్ చివరి ఎపిసోడ్ జూలై 4న ప్రసారమైంది. వీలునామాలో సిరా ఆరకముందే రిజిస్ట్రేషన్ పూర్తి.

చిన్నవాడి తరఫు వకీళ్లు ఒకే మాట పట్టుకు వేలాడుతున్నారు: “మావాడు మాంగాకు అక్షరాలా కట్టుబడ్డాడు.” అక్షరాలా అన్నారు కనుక మొదటి ఎపిసోడ్ నుంచే చూద్దాం. అందులో మంచు గడ్డలతో సెంట్రల్ నగరాన్ని గడగడలాడించిన ఐజాక్ మెక్‌డూగల్ ఏ అధ్యాయంలోని మనిషి? ఏ అధ్యాయంలోనూ లేడు. పాత్రలన్నిటినీ ఒకేసారి చూపించేయడానికి స్టూడియో కల్పించుకున్న శాల్తీ. గృహప్రవేశం రోజునే ఊరూ పేరూ లేని చుట్టాన్ని పీటల మీద కూర్చోబెట్టి, ఆ తర్వాత వంశవృక్షం గురించి ఉపన్యాసమిస్తే ఎలా?

సరే, అది చిన్న తప్పే. అసలు లెక్క అన్నదమ్ములకు ఆప్తుడైన సైనికాధికారి మేస్ హ్యూస్ చావు దగ్గర తేలుతుంది.

పాత సిరీస్‌లో హ్యూస్ పోయేది 25వ ఎపిసోడ్‌లో. కొత్తదాంట్లో 10వ ఎపిసోడ్‌లోనే. ఫోన్ బూత్ అదే, భార్య ముఖం తగిలించుకుని వచ్చిన హోమంక్యులస్ ఎన్వీ అదే, సమాధి దగ్గర ‘నాన్నను ఎందుకు పూడుస్తున్నారు’ అని ఏడ్చే కూతురు ఎలీసియా అదే. మరి తేడా ఎక్కడ? పాతదాంట్లో ఆ పిల్ల పుట్టడమే మనం 6వ ఎపిసోడ్‌లో చూశాం. ఎడ్వర్డ్ పన్నెండో పుట్టినరోజున, అన్నదమ్ములిద్దరూ అదే ఇంట్లో ఏం చేయాలో తెలియక కంగారు పడుతుండగా పుట్టింది. ఆ తర్వాత పంతొమ్మిది ఎపిసోడ్ల పాటు ఆ తండ్రి కనిపించిన ప్రతివాడికీ ఫొటో చూపించి విసిగించాడు, మనల్నీ విసిగించాడు. విసుగుకు కూడా వడ్డీ పెరుగుతుంది. 25వ ఎపిసోడ్‌లో ఆ పిల్ల నోరు విప్పేసరికి అసలూ వడ్డీ కలిపి ఒక్కసారే వసూలైంది. కొత్తదాంట్లో అదే సమాధి ఇంకా బాగా గీశారు. కానీ ఖాతా తెరిచి పది వారాలు కాలేదు, వడ్డీ ఎక్కణ్ణుంచి వస్తుంది?

చిన్నపిల్ల నీనా టక్కర్ సంగతీ అంతే. పాతదాంట్లో అన్నదమ్ములు స్టేట్ ఆల్కెమిస్ట్ (సైన్యం కొలువులో రసవాది) పరీక్షకు చదువుకుంటూ ఆ ఇంట్లోనే మకాం పెడతారు. నీనా, కుక్క అలెగ్జాండర్ ఇంటి మనుషులైపోయాక 7వ ఎపిసోడ్‌లో ఘోరం జరుగుతుంది: తండ్రి షో టక్కర్ ఆ పిల్లనూ కుక్కనూ కలిపి ఒక మృగంగా మార్చేస్తాడు. కొత్తదాంట్లో పరిచయం, ఆట, ఘోరం మూడూ 4వ ఎపిసోడ్‌లోనే ముగిశాయి. అయినా చూసినవాళ్లు ఏడ్చారంటే ఆ కన్నీళ్లలో అన్నగారి వాటా ఎంతో పెద్దమనుషులు తేల్చాలి.

ఎందుకింత పరుగు? ఈ ముక్కలన్నీ ఐదారేళ్ల కిందటే టీవీలో వచ్చాయి, జనానికి తెలుసులే అన్న ధీమా ప్రతి కోతలోనూ కనిపిస్తుంది. యూస్‌వెల్ బొగ్గు గనుల కథ, లంచగొండి యోకీ కథ పాతదాంట్లో 9వ ఎపిసోడ్ మొత్తం నడిచింది. కొత్తదాంట్లో దాన్ని వదిలేశారు. తీరా యోకీ మళ్లీ అవసరమయ్యేసరికి, వాడి గతాన్ని మూకీ సినిమా ఫక్కీలో గబగబా చెప్పి పంపేశారు. ఈ జబ్బు వీళ్లొక్కరిదే కాదు. 2011లో మళ్లీ తీసిన ‘హంటర్ × హంటర్’ కూడా మొదట్లో కథానాయకుడు గోన్, వేటగాడు కైట్‌ను కలిసే ఘట్టం ఎగ్గొట్టి, చీమ రాక్షసుల కథ దాకా వచ్చాక ఫ్లాష్‌బ్యాక్‌తో అతుకేసింది. 1999 సిరీస్ మొదలైందే కైట్‌తో.

ఇప్పుడు అసలు వినోదం. “పాతది దండగ, తిన్నగా బ్రదర్‌హుడ్ చూడు” అని కొత్తవాళ్లకు సలహా ఇచ్చే మేధావులు వీధికొకరున్నారు. అంటే, పాతది చూసినవాళ్లకోసం పరుగెత్తించిన సిరీస్‌ను పాతది చూడనివాళ్ల చేతిలో పెడుతున్నారన్నమాట. అన్న వార్చిన అన్నంలో తమ్ముడు నెయ్యి వేసుకున్నాడు, తప్పులేదు. అన్నం సంగతే ఎత్తకుండా గిన్నెడు నెయ్యి తాగమనడం ఏం మర్యాద?

పెద్దవాడి వకీళ్లు అప్పుడే చప్పట్లు కొట్టనక్కర్లేదు. వాళ్ల కక్షిదారు లెక్కల్లోనూ బొక్కలున్నాయి. సైరెన్ అనే దొంగ వెనక ఒక ఎపిసోడ్ ఎందుకు తిరిగారో చెప్పాలి. షో టక్కర్‌ను చావనివ్వకుండా మృగం చేసి మళ్లీ రంగంలోకి తెచ్చారు. ఆర్చర్ అనే అధికారిని సగం ఇనుము చేసి, ఒంటినిండా తుపాకులు మొలిపించి ఊరి మీదికి వదిలారు. ఆ మనిషి నడిచొస్తుంటే, అంతవరకు తాత్వికంగా గడ్డం నిమురుకుంటున్న ప్రేక్షకుడు చెయ్యి తీసేసి ఛానల్ సరిగ్గానే పెట్టానా అని చూసుకుంటాడు. ఇక షింగ్ దేశపు లింగ్, మే చాంగ్, బ్రిగ్స్ కోటలో మంచులో కత్తి పట్టిన ఒలీవియర్ ఆర్మ్‌స్ట్రాంగ్, వీళ్లెవరూ పాతదాంట్లో లేరు. హ్యూస్‌కు కోసిన గంటలన్నీ చిన్నవాడు అక్కడ ఖర్చుపెట్టాడు. ఆ పద్దు శుభ్రంగానే ఉంది.

వాదనకు దిగేవాళ్లకు ఒక జాగ్రత్త. హోమంక్యులస్‌లకు దుర్గుణాల పేర్లుంటాయి: ప్రైడ్ (గర్వం), రాత్ (కోపం), స్లాత్ (బద్ధకం) లాంటివి. ముందుగా ‘మీ దాంట్లో ప్రైడ్ ఎవరు’ అని అడగండి. పాతదాంట్లో దేశాధినేత కింగ్ బ్రాడ్లీయే ప్రైడ్. కొత్తదాంట్లో బ్రాడ్లీ రాత్, ప్రైడ్ ఆయన కొడుకు సెలిమ్. పాతదాంట్లో స్లాత్‌ది ఎల్రిక్‌ల తల్లి ముఖం, కొత్తదాంట్లో స్లాత్ కొండంత బద్ధకస్తుడు. ఇది తేల్చుకోకుండా గంటసేపు అరుచుకున్నాక, ఇద్దరూ వేరువేరు మనుషుల్ని తిట్టుకుంటున్నారని బయటపడుతుంది.

ఇది పేర్ల మార్పుతో పోయేది కాదు. పాతదాంట్లో హోమంక్యులస్ అంటే చనిపోయినవాళ్లను తిరిగి తేబోయి మనుషులు చేసిన పాపం, దానికి కాళ్లొచ్చి తలుపు తడుతుంది. ఎడ్వర్డ్ కొట్టాల్సింది కన్నతల్లి ముఖాన్నే. కొత్తదాంట్లో ఆ ఏడుగురూ ‘ఫాదర్’ అనే అసలు విలన్ తన ఒంట్లోంచి ఏరి బయట పారేసిన దుర్గుణాలు. వాళ్లను కొడితే ఎవరి మనసూ నొచ్చుకోదు, యుద్ధం మాత్రం రంజుగా ఉంటుంది. చివర్లో ఆ ఒక్క రోజు యుద్ధం పది ఎపిసోడ్ల పైగా సాగినా విసుగు రాకపోవడం చిన్నవాడి ఘనతే.

మనిషి తయారీకి కావలసిన సరుకుల చీటీ ఈ కథలోనే ఉంది: నీళ్లు 35 లీటర్లు, కర్బనం 20 కిలోలు, అమ్మోనియా 4 లీటర్లు, సున్నం కిలోన్నర, భాస్వరం 800 గ్రాములు, ఉప్పు 250, సురేకారం 100, గంధకం 80, ఆపైన చిటికెలు. అన్నీ తూకం ప్రకారమే పోశారు, అమ్మ రాలేదు. రీమేక్ తీసే ప్రతి నిర్మాతా ఈ చీటీని గోడకు అంటించుకోవాలి, ముఖ్యంగా ‘అదే కథ, అవే గొంతులు, అదే స్టూడియో’ అని ప్రకటన రాసేముందు. అవే గొంతులన్నది కూడా పూర్తిగా నిజం కాదు. కల్నల్ మస్టాంగ్ గొంతు తోరు ఓకావా నుంచి షినిచిరో మికికి మారింది. ఇంగ్లిష్ డబ్బింగ్‌లో అయితే ఆల్ఫాన్స్‌కు చెప్పిన పిల్లవాడు ఈలోగా పెద్దవాడై గొంతు మారిపోయింది.

కొందరు రాజీ కుదిర్చారు: పాతది 25 దాకా చూసి, అక్కణ్ణుంచి కొత్తదాని 11లోకి దూకడం. హ్యూస్‌కు న్యాయం జరుగుతుంది, యోకీని గుర్తుపడతాం. కానీ ఆ గట్టు దాటేసరికి పాతదాంట్లో బతికున్న టక్కర్ కొత్తదాంట్లో ఎప్పుడో పోయి ఉంటాడు. పాతదాని 8లో అన్నదమ్ముల చిన్ననాటి నేస్తం విన్రీని ఎత్తుకెళ్లిన కసాయి బ్యారీ, కొత్తదాంట్లో ఆమె ముఖమే ఎరగడు. రెండు సర్వే నంబర్లను కలిపి దున్నితే ఇంతే.

కనుక ఇప్పటికి ఉత్తర్వు ఇదీ. 51, 64 కలిపి 115 ఎపిసోడ్లు, ఒక్కోటి 24 నిమిషాల చొప్పున 46 గంటల సాక్ష్యం. ఉభయ పక్షాలూ మొత్తం చూసి రావాలి. పాతదానికి కొనసాగింపుగా వచ్చిన 2005 సినిమా విడిగా లెక్కిస్తారు. ఒకటిన్నర వేగంలో చూసినవాళ్ల వాంగ్మూలం చెల్లదు. హ్యూస్ ఫొటోలు తీసిన ప్రతిసారీ ముందుకు జరిపినవాళ్లు సమాధి దగ్గర ఏడ్చామని చెప్పినా నమోదు చేయరు. వాయిదా.