గల్ఫ్ నుంచి వచ్చిన డిస్కులను పారేయకండి

"వేల ఆటలు, ఒకే పెన్‌డ్రైవ్, పెట్టగానే ఆడుకోవచ్చు" అంటూ హనుమకొండలో అమ్ముతున్న సరుకును చూస్తే నాకు ఒళ్లు మండుతోంది. అది కొన్నవాళ్లు ఇంట్లో ఉన్న అసలు ప్లేస్టేషన్ వీడియో గేమ్ డిస్కులను ఇక అక్కర్లేదని పాత సామాన్లవాళ్లకు ఇచ్చేస్తున్నారు. ఆ డిస్కుల్లో ఉన్నదంతా ఆ పెన్‌డ్రైవ్‌లో ఉందని ఎవరు చెప్పారు?

మన వైపు ఆ డిస్కులు ఎలా వచ్చాయో గుర్తు చేసుకోండి. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ ఊళ్ల నుంచి దుబాయ్, మస్కట్ వెళ్లిన నాన్నలు, బాబాయిలు సెలవుకు వస్తూ సూట్‌కేసులో బట్టల మధ్య పెట్టి తెచ్చారు. ఇక్కడి గేమ్ పార్లర్లలో తిరిగినవి చాలావరకు దొంగ కాపీలు. చోటు సరిపోక వీడియోలు, సంగీతం తీసేసినవి కూడా వాటిలో ఉండేవి. ఇంటికి చేరిన అసలు డిస్కుల విలువ అందుకే ఎక్కువ. మొదటి ప్లేస్టేషన్ అసలు డిస్కు అడుగు నల్లగా ఉంటుంది. నల్ల నకిలీలూ వచ్చాయి కాబట్టి పై ముద్రణ కూడా చూసుకోండి.

సంగీతం పోయిందంటే చాలామంది తేలికగా తీసుకుంటారు. నాకది తేలిక విషయం కాదు. 1994లో వచ్చిన మొదటి ప్లేస్టేషన్ సీడీలను వాడింది. సీడీలో ఒక్కో సెక్టారు, అంటే డేటా ముక్క, 2,352 బైట్లు. డిస్కు మొత్తాన్ని ఐఎస్ఓ అనే రకం ఒకే కాపీ ఫైలుగా తీస్తే సెక్టారుకు 2,048 బైట్లే మిగులుతాయి, ఆడియో ట్రాకులు అసలే రావు. ఆ కాలపు ఎన్నో ఆటల్లో సంగీతం మామూలు పాటల సీడీలో ఉన్నట్టే విడి ట్రాకులుగా ఉండేది. రిడ్జ్ రేసర్‌లోనైతే ఆట మొత్తం మెమరీలోకి ఎక్కిపోయి, డిస్కు నుంచి సంగీతం ఒక్కటే వచ్చేది. మధ్యలో డిస్కు తీసి మన పాటల సీడీ పెడితే మన పాటలకే కార్లు పరిగెత్తేవి! అలాంటి ఆటను ఐఎస్ఓగా కుదించి అమ్మితే కొన్నవాడికి మిగిలేది ఇంజన్ల మోత. ఆట అలాగే ఉంటుందేమోనని వాడు అనుకుంటాడు. నా బాధ అదే.

డిస్కును సరిగా కాపీ తీసే పద్ధతి కష్టమేమీ కాదు. కంప్యూటర్‌కు మామూలు డీవీడీ డ్రైవు ఉంటే చాలు. ఇమ్గ్‌బర్న్ అనే సాఫ్ట్‌వేర్‌తో చదివిస్తే బిన్, క్యూ అని రెండు ఫైళ్లు వస్తాయి. డేటా అంతా బిన్‌లో ఉంటుంది. ఏ ట్రాకు ఎక్కడ మొదలవుతుందో చెప్పేది ఆ చిన్న క్యూ ఫైలే, దాన్ని తుడిచేయవద్దు. 2000లో వచ్చిన ప్లేస్టేషన్ 2 ఆటలు డీవీడీ మీద ఉంటే ఐఎస్ఓ సరిపోతుంది. అడుగు నీలంగా ఉన్నవి సీడీలు, వాటికి మళ్లీ బిన్, క్యూ కావాలి. చోటు తగ్గించుకోవాలంటే సీహెచ్‌డీ అనే కుదించిన ఫైలుగా మార్చండి, ఒక్క బైటు కూడా పోదు. ఒకే ట్రాకు ఉన్న డిస్కు కాపీ సరిగా వచ్చిందో లేదో, అసలు డిస్కుల వివరాలు సేకరించే రీడంప్ వెబ్‌సైట్ వాళ్లు ప్రచురించిన హ్యాష్ సంఖ్యలతో (ఫైలుకు వేలిముద్ర లాంటివి) పోల్చి చూసుకోవచ్చు.

ఆ కాపీలను కంప్యూటర్‌లో ఆడించే ప్రోగ్రామ్‌లలో మొదటి ప్లేస్టేషన్‌కు డక్‌స్టేషన్, రెండోదానికి పీసీఎస్ఎక్స్2 బాగుంటాయి. రెండింటికీ బయాస్ ఫైలు, అంటే ప్లేస్టేషన్ ఆన్ కాగానే నడిచే మూల ప్రోగ్రామ్, కావాలి. దాన్ని మీ సొంత కన్సోల్ (ప్లేస్టేషన్ పెట్టె) నుంచే తీసుకోవాలి. పాడైన కన్సోల్‌ను కూడా అప్పుడే పారేయవద్దని నేను మొత్తుకునేది అందుకే. పెన్‌డ్రైవ్‌లో వచ్చే బయాస్ ఎక్కడిదో అమ్మేవాడికీ తెలియదు. మన కాపీరైట్ చట్టం 52వ సెక్షన్, చట్టబద్ధంగా ప్రోగ్రామ్ ఉన్నవాడు నష్టం నుంచి రక్షణ కోసం బ్యాకప్ కాపీ తీసుకోవడాన్ని అనుమతిస్తుంది. వేల ఆటలు నింపి అమ్ముకోవడాన్ని కాదు.

ఇంకో సంగతి. సీడీని బల్ల మీద బోర్లా పడేస్తే అడుగు భద్రంగా ఉందనుకుంటారు. నిజానికి డేటాను ప్రతిఫలించే అల్యూమినియం పొర బొమ్మ ఉన్న వైపే, పలుచటి లక్క పూత కింద ఉంటుంది. అడుగున గీత పడితే పాలిష్ చేయించుకోవచ్చు. పైన పొర లేచిపోతే ఆ భాగం ఇక తిరిగి రాదు. తేమ చేరితే ఆ పొర తుప్పు పడుతుంది. కాబట్టి అటక మీది డబ్బాను ఈ ఆదివారమే దించండి.

డ్రైవు లేనివాళ్లు కాజీపేటలో మా ఇంటికి డిస్కులు తీసుకురండి. మీ ఎదురుగానే తీసి ఇస్తాను. కాపీ మీ హార్డ్‌డిస్కులోకే వెళ్తుంది, నా దగ్గర ఉంచుకోను, పైసా తీసుకోను.