ఎటు పోవాలో ముందే తేలాలి

బంగాళాఖాతంలో అల్పపీడనం ఏర్పడిందన్న కబురు రాగానే ఒడిశాలోని గంజాం తీరంలో పడవలు గట్టు మీదికి చేరతాయి. వలలు ఎక్కడ దాచాలో, బోటు ఇంజన్ ఎవరింటికి మోయాలో గోపాల్‌పూర్ నుంచి సోనాపూర్ దాకా ఏ జాలరి ఇంట్లోనూ ఒకరు చెప్పనక్కర్లేదు. మంచం పట్టిన ముసలమ్మను ఏ భవనానికి, ఏ దారిన, ఎవరు తీసుకుపోవాలన్నది మాత్రం చాలా ఇళ్లలో గాలి మొదలయ్యాకే మాటల్లోకి వస్తుంది. ఈ అలవాటు మారాలి.

ఒడిశా ఈ విషయంలో చాలా దూరం వచ్చింది, ఒప్పుకోవాలి. 1999 అక్టోబరులో రాష్ట్రాన్ని రెండు తుపానులు కొట్టాయి. మొదటిది గోపాల్‌పూర్ వద్ద తీరం దాటి బరంపురం పరిసరాలను దెబ్బతీసింది. రెండు వారాలు తిరక్కముందే, 29న, పారాదీప్ దగ్గర విరుచుకుపడిన మహా తుపాను, దాని ఉప్పెన కలిసి పది వేల ప్రాణాల దాకా బలిగొన్నాయి. ఆ గాయంలోంచే రాష్ట్ర విపత్తు నిర్వహణ సంస్థ పుట్టింది. తీరం పొడవునా తుపాను షెల్టర్లు లేచాయి. 2013 అక్టోబరు 12న, దుర్గాష్టమి రాత్రి, గంటకు 200 కిలోమీటర్లు మించిన గాలితో ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గరే తీరం తాకేనాటికి సుమారు పది లక్షల మందిని రాష్ట్రమంతటా సురక్షిత చోట్లకు చేర్చారు. ఇళ్లు, తోటలు, పడవలు, కరెంటు స్తంభాలు నేలపాలయ్యాయి. ప్రాణనష్టం మాత్రం పదుల్లోనే ఆగింది.

అయిదేళ్లు గడిచాక గజపతి జిల్లా కొండల్లో జరిగినదాన్ని ఆ విజయం పక్కనే పెట్టి చూడాలి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లా పలాస దగ్గర తీరం దాటింది. గాలి తీరాన్ని కొట్టింది, వాన కొండల మీద కుమ్మరించింది. రాయగడ బ్లాకులోని బరఘరా పల్లెవాసులు కొందరు ఆ వానకు ఇళ్లు నిలవవని భయపడి, గుహలాంటి రాతి చాటుకు వెళ్లి తలదాచుకున్నారు. కొండచరియ విరిగి అక్కడే పడింది. పది మందికి పైగా చనిపోయారు, వారిలో పిల్లలూ ఉన్నారు. వారు మొండికేసి ఇళ్లు కదలనివారు కారు. కదిలారు. తాతముత్తాతల నాటి నుంచి వానకు ఆసరాగా తెలిసిన చోటుకే వెళ్లారు. కొండ ఎన్నాళ్లు తడిస్తే జారుతుందో, ఏ వాలు కింద నిలబడకూడదో వారికి చెప్పి ఉండాల్సింది యంత్రాంగం. ఖాళీ చేయండి అన్న ఆదేశంలో ఎక్కడికి అన్న సగం లేకపోతే అది పూర్తి ఆదేశం కాదు.

తీరానికి పనికొచ్చిన పద్ధతినే కొండకూ నదికీ అంటగట్టడం మరో పొరపాటు. తుపాను రెండు రోజుల ముందు కబురు పంపి వస్తుంది. వాతావరణ శాఖ 48 గంటల ముందు అప్రమత్తం చేస్తుంది, 24 గంటల ముందు హెచ్చరిక ఇస్తుంది. స్తంభాల మీద కట్టిన పక్కా షెల్టర్‌కు నింపాదిగా చేరే వ్యవధి ఉంటుంది. సునామీకి అంత వ్యవధి ఉండదు. సునామీ హెచ్చరికలు ఇచ్చే, హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ కేంద్రం నుంచి సందేశం వచ్చాక మిగిలేది గంటల లెక్కే. అప్పుడు సముద్రానికి వీపు పెట్టి మెరక వైపు నడవడమే దారి. వంశధారకు వరద వచ్చినప్పుడు కాశీనగర్, గుణుపురం పల్లెల్లో ఊరికన్నా ముందు రోడ్డు మునగవచ్చు. అక్కడ దూరంలో ఉన్న పెద్ద భవనం కన్నా వాగు దాటనక్కర్లేని చిన్న బడి మేలు. కొండపల్లెలకైతే వాలుకు, వాగు దారికి దూరంగా ఉన్న సమతల నేల కావాలి. కొండచరియలు పడే ప్రాంతాల పటాలను భారత భూవిజ్ఞాన సర్వే సంస్థ తయారు చేస్తోంది. అవి జిల్లా కార్యాలయాల్లో ఉంటే చాలదు. మొహనా, గుమ్మ, నువాగడ బ్లాకుల పల్లెల్లో రచ్చబండ దగ్గరికి రావాలి, సవర భాష తెలిసినవారు వాటిని జనానికి విడమరిచి చెప్పాలి.

ఇది సాధ్యమేనని మన మధ్యే ఒక ఊరు చూపించింది. గంజాం జిల్లా రంగైలుండ బ్లాకులోని వెంకట్రాయిపూర్‌ను 2020లో యునెస్కో సముద్ర విజ్ఞాన కమిషన్ సునామీకి సిద్ధమైన గ్రామంగా గుర్తించింది. జగత్‌సింగ్‌పూర్ జిల్లాలోని నోలియాసాహికి కూడా అప్పుడే ఆ గుర్తింపు దక్కింది. అది ఊరికే ఇచ్చే పట్టా కాదు. తరలింపు పటం గీయాలి, దారి గుర్తులు నాటాలి, కసరత్తు చేయాలి. వెంకట్రాయిపూర్ చేయగలిగింది తీరంలోని మిగతా పల్లెలు చేయలేనిదా?

భాష సంగతి ఇంకా నిక్కచ్చిగా చెప్పాలి. తీరం వెంట ఆరు జిల్లాల్లో 122 హెచ్చరిక టవర్లు నిలిపారు, సైరన్ మోగుతుంది, ఆపైన మైకులో ప్రకటన వస్తుంది. గంజాం తీరంలోని జాలరిపేటల్లో ఇంటి మాట తెలుగు. పిల్లలు ఒడియా బడికి వెళ్తారు కాబట్టి వారికి అర్థమవుతుంది. చేపల బుట్ట మోసి బతికిన పెద్దవాళ్లలో చాలామందికి ఏ లిపీ రాదు, వేగంగా చదివే ఒడియా ప్రకటన పూర్తిగా అందదు. కరపత్రం తెలుగులో వేసినా వారికి ఉపయోగం లేదు, చెవికి తెలుగు వినపడాలి. ఏ షెల్టర్, ఏ సమయానికి, ఏ దారి అన్న మూడు ముక్కలు తెలుగులో రికార్డు చేసి పెట్టడానికి ఖర్చేముంది?

షెల్టర్ ఉన్నా జనం ఎందుకు కదలరన్నది కూడా అధికారులు ఓపిగ్గా వినాలి. ఇల్లు వదిలితే దొంగలు పడతారని భయం. కట్టు విప్పిన గేదె ఏమవుతుందోనని బెంగ. ఆడవాళ్లకు వేరే మరుగుదొడ్డి లేకపోతే, ఎదిగిన ఆడపిల్లను అందరి మధ్య పడుకోబెట్టాల్సి వస్తే తల్లి ఇంట్లోనే ఉండిపోతానంటుంది. ఆమెను తప్పుపట్టలేం. గంజాంలో మగవాళ్లు ఎందరో సూరత్ మరమగ్గాల్లో ఉన్నారు, అక్టోబరు గాలికి ఇంట్లో ఉండేది ముసలివాళ్లు, పసివాళ్లు, వారిని చూసుకునే ఒక కోడలు. ఇద్దరిని ఎత్తుకుని ఆమె ఎంత దూరం నడుస్తుంది?

సరిహద్దు విషయమూ ఉంది. పర్లాకిమిడికి, పాతపట్నానికి మధ్య దూరం నడిచి వెళ్లేంత. గంజాం దక్షిణపు పల్లెలకు ఇచ్ఛాపురం పక్కనే. తిత్లీ పలాస దగ్గర తీరం దాటి గజపతిలో ప్రాణాలు తీసింది. దగ్గర్లోని గట్టి భవనం అవతలి రాష్ట్రంలో ఉంటే ఇవతలి కుటుంబం పేరు అక్కడి జాబితాలో ఉండేలా శ్రీకాకుళం, గంజాం, గజపతి కలెక్టర్లు వానలకు ముందే కూర్చుని రాసుకోవాలి.

మేము కోరేది ఒక్కటే, అది రాబోయే పల్లి సభలోనే, అంటే ఊరి సభలోనే, మొదలుకావచ్చు. ప్రతి ఇంటి పేరు చదవాలి. ఆ ఇల్లు తుపానుకు ఎటు, వరదకు ఎటు పోతుందో, నడవలేనివారిని ఎవరు మోస్తారో, పశువులను ఎక్కడ కడతారో సరపంచ్ సమక్షంలో రాసి పంచాయతీ గోడ మీద అంటించాలి. షెల్టర్ తాళం చెవి ఎవరి దగ్గర ఉందో, ఆ మనిషి ఊళ్లో లేకపోతే రెండోది ఎవరి దగ్గర ఉందో రాయాలి. బోరు నీళ్లు, జనరేటర్, ఆడవాళ్ల మరుగుదొడ్డి పనిచేస్తున్నాయో లేదో స్వయం సహాయక సంఘాల మహిళలే వెళ్లి చూసి సంతకం పెట్టాలి. ఆ తర్వాత ఒక రాత్రి, కరెంటు తీసేసి, వీలైతే వానలోనే, ఊరంతా షెల్టర్ దాకా నడిచి చూడాలి.