నాలుగు కోట్లకు లెక్క ఏది?

బెంగళూరులోని మారతహళ్లి, బెల్లందూరు పీజీల్లో ఉండే తెలుగు కుర్రాళ్లు రాత్రిళ్లు గొడవ పడటానికి క్రికెట్టే అక్కర్లేదు, ఫుట్‌బాల్ చాలు. బెంగళూరు ఎఫ్‌సీ నీలం జెర్సీతో కంఠీరవ స్టేడియానికి వెళ్లేవాళ్లు కొందరు, మలయాళీ రూమ్మేట్ పుణ్యమా అని కేరళ బ్లాస్టర్స్ పసుపు జట్టులో చేరినవాళ్లు కొందరు. 2023 మార్చి 3 నాటి మ్యాచ్ మాట ఎత్తితే చాలు, కంచంలో అన్నం చల్లారిపోయినా పట్టించుకోరు.

అది ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) నాకౌట్. ఎక్స్‌ట్రా టైమ్, 96వ నిమిషం. కేరళ బ్లాస్టర్స్ ఆటగాళ్లు బంతికి అడ్డుగోడలా నిలబడటానికి ఇంకా సర్దుకుంటుండగానే బెంగళూరు ఆటగాడు సునీల్ ఛెత్రి ఫ్రీకిక్‌ను గోల్లోకి పంపేశాడు. విజిల్ ఊదలేదని వాళ్లు, త్వరగా కొట్టే కిక్‌కు విజిల్ అక్కర్లేదని వీళ్లు. రిఫరీ గోల్ ఇచ్చేశాడు. బ్లాస్టర్స్ కోచ్ ఇవాన్ వుకొమనోవిచ్ జట్టును వెంటబెట్టుకుని మైదానం దాటి వెళ్లిపోయాడు. బెంగళూరు గెలిచింది. ఆ నెలాఖరులో అఖిల భారత ఫుట్‌బాల్ ఫెడరేషన్ క్రమశిక్షణ సంఘం బ్లాస్టర్స్ క్లబ్బుకు 4 కోట్ల జరిమానా వేసింది. కోచ్‌కు 5 లక్షలు, పైగా 10 మ్యాచ్‌ల నిషేధం. అప్పీలుకు వెళ్లినా ఫెడరేషన్ కమిటీ కొట్టేసింది.

మైదానం వదిలిపోవడం తప్పే. రిఫరీదే పొరపాటనుకున్నా ఆట ముగించి ఫిర్యాదు చేయాలి, టికెట్ కొని వచ్చినవాళ్లను నడిమధ్యలో వదిలేయకూడదు. శిక్ష పడాల్సిందే. మా పేచీ అంతా దాని కొలత గురించే.

2012 డిసెంబర్ 9న కోల్‌కతాలో ఈస్ట్ బెంగాల్‌తో అప్పటి జాతీయ లీగ్ అయిన ఐ-లీగ్ మ్యాచ్‌లో మోహన్ బగాన్ విరామం తర్వాత మళ్లీ బరిలోకి దిగలేదు. గ్యాలరీలోంచి విసిరింది తగిలి వాళ్ల ఆటగాడు రహీమ్ నబీ గాయపడ్డాడు కూడా. అయినా ముందు లీగ్ నుంచే వెలి వేశారు. కొన్నాళ్లకే ఆ నిషేధం ఎత్తేసి 2 కోట్ల జరిమానా వేశారు, అప్పటిదాకా వచ్చిన పాయింట్లు తీసేశారు. వెలి నుంచి రెండు కోట్లకు ఎలా దిగారు? పదేళ్ల తర్వాత అదే తప్పుకు నాలుగు ఎలా అయింది? పసుపు జెర్సీ కుర్రాడు అడిగేది ఇదే. నీలం జెర్సీవాడు మాత్రం 'రూలంటే రూలే' అంటాడు. రేపు తమ జట్టుకే ఈ గతి పడితే అతని గొంతు ఎలా మారుతుందో చూడాలని మాకూ కుతూహలమే.

ఇంగ్లండ్‌లో ఇంతకన్నా గొప్పగా ఏం జరగలేదు. పరిమితికి మించి నష్టాలు చూపినందుకు 2023 నవంబర్‌లో ఎవర్టన్ క్లబ్బుకు లీగ్‌లో 10 పాయింట్లు కోశారు. దివాలా తీసిన క్లబ్బుకు అక్కడి నిబంధన ప్రకారం కోసేది 9! అభిమానులు గులాబీ రంగు కార్డులెత్తి స్టేడియాన్ని హోరెత్తించారు. 2024 ఫిబ్రవరిలో అప్పీలు బోర్డు ఆ పదిని ఆరు చేసింది. కానీ అక్కడ మొదటి తీర్పు కారణాలతో సహా అందరికీ అందుబాటులో ఉంది. ఏ పేరా దగ్గర లెక్క తప్పిందో అభిమాని వేలు పెట్టి చూపగలిగాడు.

మన ఫెడరేషన్ కూడా సీజన్ మొదలవకముందే ఏ తప్పుకు కనిష్ఠం ఎంతో, గరిష్ఠం ఎంతో ఒక పట్టిక వేసి చెప్పాలి. తీర్పు ఇచ్చినప్పుడు ఆ పట్టికలో ఎక్కడ ఆగారో, ఎందుకు ఆగారో రాయాలి. ముఖ్యంగా క్షమాపణ సంగతి. బహిరంగంగా క్షమాపణ చెప్పకపోతే బ్లాస్టర్స్ జరిమానా 6 కోట్లు, కోచ్‌కు 10 లక్షలు అని ఆ తీర్పులోనే షరతు పెట్టారు. ఇద్దరూ చెప్పేశారు. క్లబ్బు నోట ఒక్క 'సారీ'కి రెండు కోట్లని ధర కట్టింది ఎవరు, ఏ లెక్కన?