అడగకుండా ఎక్కిన కొండ

హవాయి దీవుల్లోని మౌనా కియా శిఖరం మీద ముప్పై మీటర్ల అద్దంతో భారీ టెలిస్కోపు కట్టాలని 2009లో నిర్ణయించారు. ఇప్పటికీ అది పైకి లేవలేదు. మొదట అడ్డం పడింది డబ్బు కాదు, ఇంజినీరింగూ కాదు. ఆ కొండను దైవంగా కొలిచే స్థానికులు.

మనకెందుకు ఆ గొడవ అని అనంతపురం పాఠకులు అనుకోవచ్చు. అందులో మన సొమ్మూ ఉంది. భారత్ వాటా కోసం 2014లో కేంద్ర మంత్రివర్గం సుమారు 1,300 కోట్ల రూపాయలకు ఆమోదం తెలిపింది. 492 ముక్కలుగా కూర్చే ఆ అద్దంలో కొన్నింటికి మెరుగుపెట్టే పని మనకు దగ్గర్లోనే, బెంగళూరు శివారు హోస్కోటెలో జరగాలి.

4,205 మీటర్ల ఎత్తున గాలి పలచన, తేమ తక్కువ. శాస్త్రవేత్తలు ఆ చోటు కోరుకోవడంలో తప్పేమీ లేదు. కానీ అక్కడ అప్పటికే 13 టెలిస్కోపులున్నాయి. 2015లో జనం రోడ్డుకు అడ్డంగా నిలబడ్డారు. అభ్యంతరాలపై విచారణ జరపకముందే అనుమతి ఇచ్చేశారంటూ ఆ డిసెంబరులో హవాయి సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. 2017లో మళ్లీ ఇచ్చిన అనుమతిని 2018లో అదే కోర్టు సమర్థించినా, మరుసటి ఏడాది రోడ్డు మీద బైఠాయించిన ముసలివాళ్లను పోలీసులు అరెస్టు చేయాల్సి వచ్చింది. పని ఆగింది. ముందు అడిగి ఉంటే ఒప్పుకునేవారా? చెప్పలేం. ఇన్నేళ్లు మాత్రం పోయేవి కావు.

ఓబుళాపురం సరిహద్దుల్లో గనుల తవ్వకానికి సుగ్గులమ్మ గుడి ఎలా నేలమట్టమైందో ఈ జిల్లాకు తెలుసు. గనిని, టెలిస్కోపును ఒకే గాటన కట్టడం లేదు. చెప్పాపెట్టకుండా వచ్చి కొండెక్కితే కింద ఊళ్లో కలిగే బాధ మాత్రం ఒక్కటే.

మన దేశంలోనే వేరే దారి ఉంది. లద్దాఖ్‌లోని హాన్లేను 2022లో చీకటి ఆకాశ రక్షిత ప్రాంతంగా (రాత్రి దీపాల వెలుగును అదుపులో ఉంచే చోటుగా) ప్రకటించినప్పుడు చుట్టుపక్కల ఊళ్ల వాళ్లకే శిక్షణ ఇచ్చి, టెలిస్కోపులు చేతికిచ్చారు. వచ్చినవాళ్లకు నక్షత్రాలు చూపించేది వాళ్లే.

ఆ ముప్పై మీటర్ల టెలిస్కోపును తమ లా పాల్మా దీవిలో కడితే 40 కోట్ల యూరోలిస్తామని స్పెయిన్ 2025లో ముందుకొచ్చింది. ఏ కొండకు ఓటేస్తుందో, అక్కడి జనం ఏమన్నారో కేంద్రం పార్లమెంటుకు చెప్పాలి. అది చెప్పేదాకా కొత్తగా ఒక్క రూపాయి కూడా ఇవ్వకూడదు.