35 అడుగుల ఊళ్లో 120 అడుగుల శిఖరం

డాలస్‌కి ఉత్తరాన ఫెయిర్‌వ్యూలో మోర్మన్లు (అమెరికాలో పుట్టిన ఒక క్రైస్తవ శాఖ వాళ్లు) కట్టదలచిన టెంపుల్ గొడవ ఎలా తేలిందో ఫ్రిస్కో, మెకిన్నీ, ప్రాస్పర్‌లలో ఉన్న మనవాళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు. 174 అడుగుల శిఖరంతో ప్లాన్ వచ్చింది. ఇళ్ల జోన్‌లో 35 అడుగులు దాటకూడదన్నది ఊరి రూలు. 2024 ఆగస్టులో టౌన్ కౌన్సిల్ ఏకగ్రీవంగా కుదరదంది. కోర్టు మాట వచ్చింది, మధ్యవర్తిత్వం నడిచింది, 2025 ఏప్రిల్ చివర్లో 5-2 ఓట్లతో అదే కౌన్సిల్ 120 అడుగులకి ఒప్పుకుంది. రెండంతస్తులు ఒక అంతస్తయింది, 44 వేల చదరపు అడుగులు 30 వేలకి దిగింది. ఇద్దరూ తలో మెట్టు దిగారు కదా, శుభం అన్నారు చాలామంది. నాకలా అనిపించలేదు. పదివేల పైచిలుకు జనం ఉన్న ఊరు లాయర్ల ఫీజులకి జడిసి పెట్టిన సంతకం అది. రాజీ అనండి, ఒప్పుకుంటాను. ప్లానింగ్ అని మాత్రం అనకండి.

చర్చి వాళ్ల వాదన తేలిగ్గా తీసేసేది కాదు. శిఖరం మనసుని పైకి, దేవుడి వైపు లాగుతుందని, అది తమ ఆరాధనలో భాగమని వాళ్లంటారు. మత సంస్థల స్థలాలకి రక్షణగా అమెరికా కాంగ్రెస్ 2000లో చేసిన చట్టం వాళ్ల చేతిలో ఉంది. పైగా ఇదే ఊరు ఏళ్ల కిందట ఒక మెథడిస్టు చర్చికి 154 అడుగుల గంట స్తంభం కట్టుకోమని అనుమతిచ్చింది. అది కట్టకపోయినా, ఆ కాగితం ఊరి మెడకి చుట్టుకుంది. టెక్సస్‌లోనే షుగర్‌ల్యాండ్‌లో మన 90 అడుగుల ఆంజనేయస్వామి నిలబడి ఉన్నాడు. ఎత్తు మీద కళ్లెర్రజేసే జనం రేపు ఆయన జోలికీ రావచ్చు, మతం పేరుతో ఇప్పటికే కొందరు వచ్చారు కూడా. ఆ చట్టం మనకీ గొడుగే.

అయినా ఒక ప్రశ్న. శిఖరం లేకపోతే మోర్మన్ టెంపుల్ టెంపుల్ కాకుండా పోతుందా? హవాయిలో 1919లో తెరిచిన లాయీ టెంపుల్‌కి శిఖరం లేదు. కెనడాలో కార్డ్‌స్టన్, 1923. లేదు. అరిజోనాలో మేసా, 1927. దానికీ లేదు. పాత సంగతులెందుకంటారా? 2017లో పారిస్ దగ్గర, ఫ్రెంచి రాజుల వెర్సాయ్ ప్యాలెస్‌కి పక్కనే ఉన్న లె షెనేలో ఇదే చర్చి ఒక టెంపుల్ తెరిచింది. శిఖరం లేదు, దాని మీద ఉండే బంగారు రంగు మొరోనై దేవదూత బొమ్మా లేదు. దాని బదులు తోట వేశారు. వెర్సాయ్ పక్కన వంగిన నడుము ఫెయిర్‌వ్యూలో ఎందుకు వంగదు? ఎదురుగా ఉన్నది ఎవరో చూసుకుని వంగితే దాన్ని విశ్వాసం అనరు, లెక్క అంటారు.

అసలు ఈ టెంపుళ్లలో ఒక సంగతి మనవాళ్లు చాలామందికి తెలియదు. ఆదివారం ప్రార్థనలు జరిగేది వీటిలో కాదు. దానికి వేరే మీటింగ్ హౌస్‌లుంటాయి. టెంపుల్ ఆదివారం మూసేస్తారు. కట్టడం పూర్తయ్యాక కొన్ని రోజులు ఊళ్లో వాళ్లందర్నీ లోపలికి పిలిచి చూపిస్తారు. ప్రతిష్ఠ అయ్యాక, చర్చి పెద్దలిచ్చిన యోగ్యతా పత్రం ఉన్న సభ్యులకే ప్రవేశం. అది వాళ్ల నియమం, తప్పు పట్టను. మన గర్భగుడిలోకి మాత్రం అందర్నీ రానిస్తున్నామా? కానీ దీనివల్ల ప్లానింగ్ లెక్క మొత్తం తిరగబడుతుంది. పక్కింటివాడికి ఆ టెంపుల్ అంటే లోపలి హాళ్లు కాదు. చుట్టూ ఉన్న పచ్చిక, చెట్లు, బెంచీలు, రాత్రిపూట పడకగది కిటికీలోంచి పడే లైటు. వాడి పాలిట గుడంటే అవే.

మా బావమరిది ఫీనిక్స్ దగ్గర ఉంటాడు. ఒకసారి మమ్మల్ని మేసా టెంపుల్‌కి తీసుకెళ్లాడు. బారులు తీరిన ఈతచెట్ల లాంటి పామ్ చెట్లు, పొడుగాటి నీళ్ల మడుగు, ఒక మూల బ్రహ్మజెముడు తోట. లంగావోణీలో ఒక తెలుగమ్మాయి ఫొటోలు దిగుతోంది, వాళ్లమ్మ జడగంటలు సర్దుతోంది. ఎవరూ పొమ్మనలేదు. ఆ భవనం ఎత్తెంతో నాకు ఇప్పటికీ గుర్తులేదు. ఫెయిర్‌వ్యూలో చేతిలో ఉన్నది 8 ఎకరాల పైన స్థలం. ఎన్ని చెట్లు నాటాలి, నడకదారి పక్క వీధిలోకి కలుస్తుందా లేదా, గేటు ఎన్నింటికి వేస్తారు అన్న వాటి మీద తెల్లారేదాకా కొట్టుకుని ఉంటే బాగుండేది. గొడవంతా అడుగుల మీదే అయింది.

మోర్మన్లకి ప్లానింగ్ రాక కాదు. 1847 జులైలో వాళ్ల నాయకుడు బ్రిగం యంగ్ ఇప్పటి యూటాలోని సాల్ట్ లేక్ లోయలో అడుగుపెట్టిన నాలుగు రోజులకే టెంపుల్ జాగా ఇదని చూపించాడు. తర్వాతే ఊరు. ఇవాళ్టికీ అక్కడ వీధుల నంబర్లు ఆ టెంపుల్ నుంచే లెక్క. టెంపుల్ కట్టడానికి 1853 నుంచి 1893 దాకా 40 ఏళ్లు పట్టింది. మన మాడ వీధుల పద్ధతే ఇది. ముందు స్వామి, ఆయన చుట్టూ రథం తిరిగే దారి, దారి పక్కన ఇళ్లు. అక్కడ గోపురం ఎంత లేచినా ఎవడూ అడగడు, ఎందుకంటే ఊరే దాని నీడలో పుట్టింది. ఫెయిర్‌వ్యూలో వరస తిరగబడింది. ఎకరానికో ఇల్లు చొప్పున, ఆకాశం కనబడుతుందని జనం ముందు వచ్చారు. వెనకొచ్చినవాడు ముందున్నవాడి కిటికీ చూసుకుని కట్టుకోవాలి. ఇందులో మతం లేదు, ఇరుగుపొరుగు మర్యాద అంతే.

మోర్మన్ల మీద ఇంత మాట్లాడుతున్నాను గానీ, ఈ జబ్బు మనకి లేదా? ఈ చర్చికి భారతదేశంలో తొలి స్టేక్, అంటే కొన్ని సంఘాలు కలిసిన విభాగం, 2012లో ఏర్పడింది మన హైదరాబాద్‌లోనే. టెంపుల్‌లోనే జరిగే పెళ్లి లాంటి క్రతువుల కోసం హాంకాంగ్ దాకా వెళ్లాల్సి వచ్చిన మన దేశపు సభ్యుల కోసం బెంగళూరులో టెంపుల్ ప్రకటించారు, 2020 డిసెంబర్‌లో శంకుస్థాపన చేశారు. అక్కడ జాగా రెండెకరాలు కూడా లేదు. ఐటీ ఆఫీసుల మధ్య ఆ కాస్త చోటులో పచ్చిక ఎంత మిగులుస్తారో నేను చూడాలనుకుంటున్నాను. మనమైతే మిగల్చం. హైదరాబాద్ శివార్లలో ఏ లేఔట్‌కైనా వెళ్లండి. బ్రోషర్‌లో పార్కు అని ఆకుపచ్చ రంగు వేసిన చోట ఏముంటుందో చూడండి. ముందు చిన్న గద్దె, మరుసటి ఏడు రేకుల షెడ్డు, ఆపైన శ్లాబు, ఆ పక్కన కమిటీ హాలు. అడిగినవాడు నాస్తికుడు. ప్లాన్ కాగితం తీసినవాడు కాలనీ ద్రోహి.

మా కాలనీలో పిల్లల ఉయ్యాల స్తంభాలు ఇప్పటికీ ఉన్నాయి, గుడి ప్రహరీకి ఆనుకుని. గొలుసులు ఎప్పుడో పోయాయి. పండగలకి మైకు బాక్సులు కట్టేది వాటికే.