ఏ నెల బండి సార్ మీది?

కార్లకి కూడా జన్మనక్షత్రం ఉంటుందని మొన్న శనివారం దాకా నాకు తెలీదు. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో ఒక స్పేర్ పార్ట్స్ షాపు కౌంటర్ ముందు నిలబడి, బుద్ధిగా కారు పేరు చెప్పి, 2014 మోడల్, పెట్రోల్ అని చెప్పి, వాటర్ పంప్ కావాలన్నా. కౌంటర్లో కూర్చున్నాయన నన్ను సంబంధం చూసుకోడానికి వచ్చినోణ్ణి చూసినట్టు ఒకసారి కిందా మీదా చూసి "ఏ నెల?" అన్నాడు.

నెలేంటండీ, దసరాకి కొన్నాం, పూజ చేయించి, నాలుగు టైర్ల కింద నిమ్మకాయలు తొక్కించి మరీ తెచ్చుకున్నాం అన్నా. "కొన్న నెల కాదు సార్, తయారైన నెల. గా ఏడాది మధ్యల ఇంజిన్ మార్చిండ్రు. మే దాకా ఒక పంపు, జూన్ సంది ఇంకో పంపు. ఇంజిన్ నంబర్ల ముందు అక్షరాలు చూస్తె తెలుస్తది" అనేసి నా వెనకాల ఉన్నాయన వైపు తిరిగిపోయాడు. అంటే ఇన్నేళ్ళుగా నేను 2014 మోడల్ అని చుట్టాలకి, ఇన్సూరెన్స్ వాడికి, పార్కింగ్ దగ్గర వాచ్‌మన్‌కి కూడా చెప్పుకుంటూ వచ్చిన వస్తువు అసలు ఒక వస్తువే కాదు, రెండు. అందులో నాది ఏదో నాకే తెలీదు.

దీన్ని ఆ లైన్లో వాళ్ళు రన్నింగ్ చేంజ్ అంటారట. ఎంత చక్కటి మాట. రన్నింగ్ మనది, చేంజ్ వాళ్ళది.

సరే, ఇంత పెద్ద పెద్ద కంపెనీలు, జర్మన్లు, జపాన్ వాళ్ళు, ఊరికే అక్షరాలు పెట్టరు కదా, దీని వెనక ఏదో శాస్త్రం ఉండే ఉంటుంది, మనమే అజ్ఞానులం అనుకుని వారం రోజులు ఆఫీసు పని పక్కన పెట్టి ఇంజిన్ కోడ్ల మీద కూర్చున్నా. నేర్చుకున్నది లోకకళ్యాణం కోసం ఇక్కడ పెడుతున్నా.

టొయోటా వాళ్ళు పాణిని దగ్గర ట్యూషన్ చెప్పించుకున్నట్టున్నారు. ఊళ్ళో ఎయిర్‌పోర్ట్ ట్రిప్పులన్నీ మోసిన పాత ఇన్నోవా ఇంజిన్ 2కేడీ-ఎఫ్‌టీవీ. 2 అంటే ఆ ఇంట్లో రెండోవాడు, కేడీ ఇంటిపేరు, గీత దాటాక ఎఫ్ అంటే వాల్వుల యాంగిల్ తక్కువున్న ట్విన్ క్యామ్ (వాల్వులు తెరిచే కడ్డీలు రెండు), టీ అంటే టర్బో, వీ అంటే కామన్ రైల్ (అన్ని సిలిండర్లకీ ఒకే పైపు నుంచి వెళ్ళే) డీజిల్. సంధులు, సమాసాలు అన్నీ ఉన్నాయి. మన ఇళ్ళల్లోలాగే పెద్దోడికే వాటా ఎక్కువ, 1కేడీ 2982 సీసీ, రెండోది 2494. నాకు భలే నచ్చింది. ఆ ఊపులో క్వాలిస్ ఇంజిన్ కోడ్ చూస్తే 2ఎల్ అని ఉంది, ఆహా రెండు లీటర్లు అని ఎగిరి గంతేశా. కాదు, 2446 సీసీ. ఎల్ అంటే లీటర్ కాదు, అది కూడా ఇంటిపేరే. పోనీ ఈ వ్యాకరణమైనా పూర్తిగా బట్టీ పట్టేద్దామనుకునేలోపు 2017 కామ్రీ కారుతో వాళ్ళే దాన్ని తిరగేసి ఎ25ఎ-ఎఫ్‌కేఎస్ అని మొదలెట్టారు. ఇప్పుడు 25 అంటే నిజంగానే రెండున్నర లీటర్లు. మేము నేర్చుకున్నాం అని తెలిసినట్టుంది.

కానీ నా మనసు దోచుకున్నది మాత్రం బీఎండబ్ల్యూ. వాళ్ళ కోడ్‌లో ఎక్కువగా అక్షరం తర్వాత మొదటి అంకె సిలిండర్ల లెక్క. మూడు సిలిండర్లుంటే 3, నాలుగుంటే 4. ఇక్కడిదాకా అంగన్‌వాడీ పిల్లాడు కూడా చెప్తాడు. ఆరు సిలిండర్లుంటే? 5. ఎనిమిదికి 6. పన్నెండుకి 7. పదికి 8.

మళ్ళీ చదవక్కర్లేదు, కరెక్టుగానే రాశా.

ఇప్పుడు అమీర్‌పేటలో ఒక టిఫిన్ సెంటర్ ఓనరు మ్యూనిక్ వెళ్ళి ట్రైనింగ్ తీసుకుని వచ్చాడనుకోండి. మీరు నాలుగు ఇడ్లీ అంటే నాలుగే వస్తాయి, చట్నీ కూడా వస్తుంది, ఏ గొడవా లేదు. మీ పక్కాయన ఆరు తింటాడు, బిల్లులో ఐదు అని ఉంటుంది, ఆయన కామ్‌గా కట్టేసి బయట పడతాడు, మనవాళ్ళు ఇలాంటి విషయాల్లో చాలా సంస్కారవంతులు. ఎనిమిది తిన్న కోచింగ్ సెంటర్ కుర్రాడు ఆరుకి కడతాడు. ఈలోగా ఎవరో పెద్దమనిషి పన్నెండు లాగించి ఏడుకి కట్టి, త్రేన్చుకుంటూ వెళ్ళిపోతాడు. వెనకాలే పది తిన్నాయన వస్తాడు, ఆయనకి ఎనిమిది. ఇక్కడ లొల్లి మొదలు. పన్నెండు తిన్నోడికి ఏడు, పది తిన్న నాకు ఎనిమిదా, ఏమనుకుంటున్నవ్ అని ఆయన కాలర్ పట్టుకుంటే ఓనరు ఏమాత్రం తొణక్కుండా చెప్తాడు, సార్, పన్నెండు ఇడ్లీ తినే కస్టమర్ ఎనభైల్లోనే వచ్చాడు, మీరు పది తింటామని 2005లో వచ్చారు, అప్పటికే ఏడు నంబర్ ఇచ్చేశాం, మీకు మిగిలింది ఎనిమిదే. ఇది జోకు కాదండోయ్. 2005 బీఎండబ్ల్యూ ఎం5 కారులో పది సిలిండర్ల ఇంజిన్ పేరు ఎస్85, దానికంటే రెండేళ్ళ ముందే వచ్చిన పన్నెండు సిలిండర్ల దాని పేరు ఎన్73. చంద్రుడి మీదికి మనుషుల్ని పంపిన కాలం కూడా దాటాక పుట్టిన లెక్క ఇది.

సుజుకీ వాళ్ళు పాపం సాదాసీదా. ఎఫ్8బి అంటే ఎనిమిది వందల సీసీ లెక్క, 1983లో వచ్చిన మారుతి 800ది. తర్వాత కె10బి, కె12ఎం, మొన్న స్విఫ్ట్‌కి జెడ్12ఇ, అంతా లీటర్లే. ఇందులో మోసం ఉండదనుకుంటాం. వాళ్ళదే ఎం15ఎ అని ఒకటుంది, 1490 సీసీ, నాలుగు సిలిండర్లు. టొయోటా వాళ్ళకీ ఎం15ఎ ఉంది, గీత తర్వాత తోక వేరనుకోండి, అదీ 1490 సీసీయే, కాకపోతే మూడు సిలిండర్లు. ఒకే ఊళ్ళో ఒకే పేరు, ఒకే ఇంటిపేరు ఉన్న ఇద్దరు సుబ్బారావులకి ఉత్తరాలు తారుమారైనట్టు ఉంది వ్యవహారం. మళ్ళీ ఈ రెండు కంపెనీలే ఒకళ్ళ కార్లు ఒకళ్ళు బ్యాడ్జి మార్చి అమ్ముకుంటున్నాయి. ఇంకోవైపు ఫియట్ వాళ్ళ 1248 సీసీ డీజిల్ ఉంది, అది ఫియట్ పుంటోలో ఉంటే మల్టీజెట్, మారుతి స్విఫ్ట్‌లో ఉంటే డీడీఐఎస్, టాటా విస్టాలో ఉంటే క్వాడ్రాజెట్. మా మెకానిక్ భాయ్‌ని అడిగితే మూడిటికీ కలిపి "ఫియట్ ఇంజిన్ సాబ్" అని ఒక్క ముక్కలో తేల్చేశాడు. నామకరణ కమిటీలో ఆయన్ని పెడితే ఈ దేశం బాగుపడేది.

మళ్ళీ రాణిగంజ్‌కి వద్దాం. నేను ఆర్సీలో ఇంజిన్ నంబర్ వెతుక్కుంటుంటే నా పక్కన ఒక క్యాబ్ అబ్బాయి, పాతికేళ్ళుంటాయేమో, చేతిలో చిరిగిన డబ్బా, అందులో పంపు. "అన్నా, మూడోపారి వస్తున్ననే, శంషాబాద్ నుంచి. ఇది కూడ కూసుంటలేదు." కౌంటర్ వెనక గోడ మీద పెద్దక్షరాలతో, ఒకసారి అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు. మూడు రోజులుగా బండి షెడ్డులో ఉంది, ట్రిప్పులు లేవు, ఐదో తారీఖు కిస్తీ మాత్రం కరెక్ట్ టైముకే వస్తుందంట. వాడు పోట్లాడలేదు, అరవలేదు, ఇంకో పంపుకి డబ్బులు తీసి లెక్కపెట్టాడు. నోట్లు రెండుసార్లు లెక్కపెట్టాడు.

ఇంజిన్ మార్చొద్దని ఎవడన్నాడండీ. మన హైదరాబాద్‌కి బీఎస్-4 అనే పొగ కాలుష్యం రూల్ 2010లోనే వచ్చింది, దేశమంతటికీ 2017లో, 2020 ఏప్రిల్‌లో బీఎస్-6, రూలు మారితే సెన్సార్లు మారతాయి, కంప్యూటర్ మారుతుంది, కోడ్ మారాల్సిందే, ఒప్పుకుంటా. కానీ మార్చినోడు చెప్పడా? లోపం ఉందని బండ్లు వెనక్కి పిలిచే రీకాల్ వచ్చినప్పుడు చూడండి వీళ్ళ జ్ఞాపకశక్తి, ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా తయారైన ఇన్ని బండ్లు అని చివరి బండి దాకా లెక్క చెప్తారు. అంటే అన్నీ తెలుసు. ఏ రోజు ఏ పార్ట్ వేశారో అన్నీ వాళ్ళ కంప్యూటర్‌లో ఉన్నాయి. మూడొందల పేజీల ఓనర్స్ మాన్యువల్‌లో బ్లూటూత్ ఎలా కలపాలో బొమ్మలేసి చెప్పారు, సీటు బెల్టు గురించి ఐదు సార్లు చెప్పారు, "మీ బండి ఇంజిన్ కోడ్ ఇది, పార్ట్ కొనేటప్పుడు ఇదే చెప్పండి" అని ఒక్క లైను రాయడానికి సిరా అయిపోయిందా? కారు డబ్బులు మావి, కిస్తీ మాది, రోడ్డు ట్యాక్స్ మాది, దాని అసలు పేరు మాత్రం మీ సొంతమా? సిగ్గుండాలి. నంబర్ ప్లేట్ మీద టీఎస్ తీసేసి టీజీ చేసినప్పుడు ప్రభుత్వం కూడా జీవో ఇచ్చి పేపర్లో వేసి చెప్పింది. ప్రభుత్వం కంటే అధ్వాన్నంగా ఉన్నారని ఒకణ్ణి తిట్టాల్సి వస్తుందని నేనెప్పుడూ అనుకోలేదు.

నా ఆర్సీలో నంబర్ ప్రింటు అరిగిపోయింది. కాబట్టి లంగర్‌హౌజ్‌లో షెడ్డుకి వెళ్తే భాయ్ వేస్ట్ క్లాత్ డీజిల్లో ముంచి, చెయ్యి సగం దాకా లోపలికి పెట్టి, బ్లాక్ మీద పదేళ్ళ మట్టి రుద్దాడు. ఫోన్ టార్చ్ నేను పట్టుకున్నా. నల్ల జిడ్డు కింద నుంచి ఒక్కో అక్షరం తేలింది. చివరిది బీ నా, ఎనిమిదా? భాయ్ బీ అంటాడు, షెడ్డులో కుర్రాడు ఎనిమిది అంటాడు, నేను కళ్ళద్దాలు తుడుచుకుని చూసి రెండూ అన్నా. ఛాసిస్ నంబర్‌లో ఐ, ఓ, క్యూ అక్షరాలు వాడకూడదని ప్రపంచమంతా కలిసి రూలు పెట్టుకున్నారు, 1, 0లతో కన్ఫ్యూజ్ అవుతామని. బీ సంగతి ఆ రోజు మీటింగ్‌లో ఎవరికీ గుర్తు రాలేదు.

చివరికి భాయ్ తన డైరీ తీశాడు. పాత డైరీ, అట్ట లేదు, ప్రతి పేజీ మీదా బొటనవేలి ఆయిల్ ముద్ర, సగం ఉర్దూ సగం తెలుగు, కోడ్ పక్కన పంపు బొమ్మ పెన్నుతో గీసి ఉంది. "బీ సాబ్, ఎనిమిది వస్తే దీనికి పైపు ఇటు ఉంటది" అన్నాడు. సరే, బీ. సోమవారం మళ్ళీ రాణిగంజ్ వెళ్ళి, బీ అని చెప్పి, డబ్బులు కట్టి, ఇరానీ చాయ్ కూడా తాగి, పంపు తెచ్చి ఆయన చేతిలో పెట్టా.

ఆయన పాతది విప్పి, కొత్తదాని పక్కన న్యూస్ పేపర్ మీద పెట్టాడు. ఇద్దరం కూర్చుని బోల్టు రంధ్రాలు లెక్కపెట్టాం. పాతదానికి ఆరు. కొత్తదానికి ఐదు.

బీఎండబ్ల్యూ లెక్కలో అయితే కరెక్టుగా సరిపోయింది.